మూత పెట్టే ముందు

ధర్మసాగర్ నుంచి వరంగల్ వెళ్లే బస్సులో ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుంది. నా ఒళ్లో కుక్కర్ ఉంది. అమ్మ పోయి, దినాలు కూడా అయిపోయాయి. ఇరుగుపొరుగు అన్నం పంపడం ఆగింది, ఇక నాన్నకు నేనే వండాలి. ఆ పొద్దున మొదటిసారి బియ్యం పెడితే విజిల్ రాలేదు. మూత పక్క నుంచి ఆవిరి బుసకొట్టింది. స్టవ్ ఆర్పేసి, కుక్కర్ బాగు చేయించడానికి బయల్దేరాను.

"ఖరాబైందా బిడ్డా?" అని అడిగింది. తలూపాను.

"మూత ఇటియ్యి. హన్మకొండల నాలుగిండ్లల్ల వండుత నేను. రిపేరోడైతె కొత్త రబ్బరు అంటగడ్తడు."

విజిల్ తీసి, మూతను కిటికీ వైపు ఎత్తి, ఒక కన్ను మూసి రంధ్రంలోంచి చూసింది. గాజులకు తగిలించుకున్న పిన్నీసు తీసి పొడిచింది. కందిపప్పు పొట్టు ఊడి ఆమె వేలికి అంటుకుంది.

"కిందటిసారి పప్పు ఎవలు వండిన్రు?"

"అమ్మ."

"మీ అమ్మకు చెప్పు. మూత వెట్టేముందు ఈ బొక్కల నుంచి ఎలుగు చూడుమను. కనబడకుంటె పొయ్యి మీద పెట్టొద్దు, పేలుతది."

"చెప్త" అన్నాను.

ఆమె పొట్టును కిటికీలోంచి విదిలించి, పిన్నీసు మళ్లీ గాజుకు తగిలించుకుంది. నాకు భయం వేయలేదు, ఏడుపూ రాలేదు.

ఇప్పటికీ మూతను వెలుతురుకు ఎత్తి చూడకుండా కుక్కర్ పెట్టను. ఆ రోజు నా డైరీలో మాత్రం ఒక్క వాక్యమే ఉంది: కుక్కర్ బాగైంది.