కడిగిన సీసా

ఎనభైల చివర మేము నాచారంలో ఉండేవాళ్లం. మా నాయిన కాలుష్యం చూసే సర్కారు ఆఫీసులో అటెండరు. బీరువాలు తుడవడం, సార్లకు చాయ్ తేవడం ఆయన పని. మా గల్లీవాళ్లకు మాత్రం ఆయనే పెద్ద ఆఫీసరు. ఎవరి బోరు నీళ్లు రంగు మారినా మా ఇంటికే వచ్చేవారు. పేరు గొప్ప ఊరు దిబ్బ అని నాయినే నవ్వేవాడు.

అందరికంటే ఎక్కువ ఆశ పెట్టుకున్నది మా మేనత్త, నాయినకు అక్క. చెరువు కట్ట పక్కన రేకుల ఇల్లు, రెండు బర్రెలు, అదే ఆమె బతుకు. ఎగువన రంగుల ఫ్యాక్టరీ వచ్చినప్పటి నుంచి చెరువు ఒకరోజు ఎర్రగా, ఒకరోజు నల్లగా ఉండేది. ఆ నీళ్లు తాగి చూడిబర్రె ఈచుకుపోయింది, కడుపులో దూడ దక్కలేదు.

"నువ్వు ఇంటరు సదువుతున్నవు గద బిడ్డా, జర అర్జీ రాయి," అని అత్త అంటే నేనే రాసిచ్చాను. ఆఫీసులో సారు అది చూసి, నాయిన చేతికి గోధుమరంగు గాజు సీసా ఇచ్చాడు. ఎలాగూ అక్కడే ఉంటావు కదా, వచ్చేటప్పుడు చెరువు నీళ్లు నింపుకురా అన్నాడు. నీళ్లు చెడ్డవని తేలితే ఫ్యాక్టరీకి నోటీసు పోతుంది. అత్త చర్చిలో చెప్పి ప్రార్థన కూడా చేయించింది.

నాయిన సాయంత్రమే సీసా నింపి, చీటీ అంటించి, తలుపు వెనక పెట్టాడు. తెల్లారి ఆయన స్నానానికి పోయినప్పుడు అమ్మ మూత తీసింది. ఆ కంపుకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఛీ, సార్లకు గిసొంటి నీళ్లిస్తరా? మనూరి పరువేమైతది?"

పారబోసి, బూడిదా ఇసుకా వేసి గిలకొట్టి, పైనంతా పీచుతో తోమి, నల్లా నీళ్లు నింపింది. తోముడుకు చీటీ ఊడింది. నన్ను పిలిచి కొత్తది రాయమంది. లెక్కల పరీక్ష తప్ప నాకు లోకం పట్టని రోజులవి. సీసా ఎందుకు తడిసిందని కూడా అడగలేదు. గుండ్రని అక్షరాలతో మా చెరువు పేరు రాసి, అన్నం మెతుకులతో అంటించాను. గోధుమ గాజులో నీళ్ల రంగు కనబడదు. నాయిన తొందరలో చీటీ చూడకుండానే సీసాను టిఫిన్ సంచిలో పెట్టుకొని ఉప్పల్ నుంచి వచ్చే బస్సెక్కాడు.

నెల తిరిగాక రిపోర్టు వచ్చింది. చెరువు నీళ్లు తాగడానికి పనికొస్తాయట. నాయిన చెబుతుంటే అత్త నెత్తి మీద చేతులు పెట్టుకుంది. అమ్మ ముఖం మాత్రం వెలిగిపోయింది.

"మరి ఊకెనే వచ్చిందా? గంతగనం తోమి నింపితిని!"

మా ముఖాలు చూశాక గానీ ఆమెకు సంగతి అర్థం కాలేదు. పరీక్ష అంటే పిల్లల పరీక్ష లాంటిదే, మంచిగ ఉంటే పాసు అనుకుంది పిచ్చితల్లి.

"జరిగింది సారుకు చెప్పు తమ్మీ, మల్ల నింపుకరమ్మంటడు," అంది అత్త. నాయిన తల దించుకున్నాడు. అప్పటికి ఆయన నౌకరి పర్మినెంటు కాలేదు. చెబుతానన్నాడు, ఏడాదంతా అదే అన్నాడు. నేను ఇంకో అర్జీ రాయవచ్చు, రాయలేదు. రాస్తే చీటీ మీది అక్షరాలు నావని కూడా బయటపడుతుందని భయం. ఆయనను అనడానికి నాకు నోరెక్కడిది? ఆ సిగ్గు నన్ను ఇప్పటికీ వదల్లేదు.

మరుసటి వానాకాలంలో, దూడ పోయిన ఆ బర్రె కట్టుకొయ్య దగ్గరే పడి చచ్చిపోయింది. రెండోదాన్ని అమ్మేసి, అత్త ఘట్‌కేసర్‌లో ఉన్న బిడ్డ దగ్గరికి బయలుదేరింది. సామాను ఆటో ట్రాలీలో ఎక్కిస్తుంటే అమ్మ ఆమె కాళ్ల మీద పడింది.

"నా చేతులిరిగిపోను వదినె!"

అత్త ఆమెను లేవదీసి, ఆ రెండు చేతులూ పట్టుకుంది.

"ఏడ్వకు పిల్లా. ఆ సీసను నువ్వు తోమినట్టు ఈ చెరువును తోమెటోళ్లుంటే, నేనెందుకు పోత?"