మేనమామ గొంతు

ఇదివరకు తెల్లారి అయిదింటికి కస్తూరమ్మ చెయ్యి మొదట కుళాయి మీద పడేది. వాళ్లుండే హిందీ ఊరి పేట బిర్సానగర్‌లో నీళ్లు ఆ గంటసేపే వస్తాయి. ఇప్పుడు కుళాయి దాని మానాన అది కారుతూ ఉంటే, ఆవిడ గుమ్మంలో ఫోను పట్టుకుని కూర్చుంటోంది. మనకి అయిదైతే థాయిలాండులో ఆరున్నర. అక్కడి ఆశ్రయంలో పిల్లల చేతికి ఫోనిచ్చేది ఆ వేళే, అదీ అయిదు నిమిషాలు.

"తిన్నావేటే బిందూ?"

"హా మా, ఖా లియా," తిన్నానని హిందీలో అంటుంది కూతురు బిందుప్రియ. ఇంకేమీ అనదు. ఏడాది కిందట ఇదే పిల్ల మాట ఆపమన్నా ఆపేది కాదు.

బ్యాంకాక్‌లో కంప్యూటరు ఉద్యోగమని ఆ పిల్లని పంపించినవాడు నీలకంఠం, కస్తూరమ్మ సొంత తమ్ముడు, భర్త పోయిన ఇంటికి పెద్దదిక్కు. పెళ్లినాడు పిల్లని గంపలో కూర్చోబెట్టి ఎత్తుకొచ్చేది మేనమామ. ఆ చేతుల్లో పెట్టినదానికి కాగితం అడిగితే పుట్టింటి పరువేం కాను? కంపెనీ పేరయినా అడక్కుండా ఆవిడ పాస్‌పోర్టు ఇచ్చేసింది. విమానం దిగిన పిల్లని కారెక్కించి, నది దాటించి, బర్మాలో ఓ పెద్ద గోడ వెనకాల పడేశారు. ఫోనులో జనాన్ని మోసం చేసే పని. చెయ్యనంటే కరెంటు షాకు. ఏడు నెలలకి అక్కడ కాల్పులు జరిగి గేట్లు తెరుచుకున్న రోజున, వందలమందితో పాటు బిందుప్రియ నది ఇవతలికి, థాయిలాండు ఒడ్డుకి పరుగెత్తి వచ్చింది.

ఆశ్రయంలోకి వచ్చాక ఇంకో చిక్కు. బలవంతాన తీసుకుపోయిన పిల్లా, తనంతట తాను దొంగదారిన సరిహద్దు దాటి మోసాలు చేసిన పిల్లా? మొదటిదని తేలితే ఇంటికి. తేలకపోతే అక్కడి కోర్టుకి.

దానికోసమే ఢిల్లీ నుంచి అనిత అనే ఆఫీసరు అదే ఊళ్లోని సిద్ధగోరా ఠాణాకి వచ్చి కస్తూరమ్మకి కబురు పెట్టింది. బయల్దేరేముందు నీలకంఠం గుమ్మంలోనే ఆపాడు.

"అప్పా, మనకేటీ తెలవదని సెప్పీ. గుంటే ఫోన్లో ఏజెంటుని సూసుకుందని అనీ. నేకపోతే ఇద్దరం జైలుకెల్తాం."

ఆవిడ తలాడించి వెళ్లింది.

అనిత ముందు మంచినీళ్లిచ్చింది. "అక్కడ పట్టుబడ్డ ఓ విశాఖపట్నం ఏజెంటు ఫోనులోంచి థాయ్ పోలీసులు ఈ రికార్డింగు తీసి పంపారమ్మా. మాటలకి అర్థం మావాళ్లు చెప్పారు. గొంతు ఎవరిదో మీరు చెప్పాలి," అంది హిందీలో.

ఫోను పలికింది. "గుంటకి తండ్రి నేడు. మా అప్ప ఉన్నాది గానీ ఆవిడేటీ అడగదు. నానేటి సెప్తే అదే. గేటు దాటనీకండి, సాలు." చివర చిన్న నవ్వు.

"ఇంకోసారి వెయ్యండమ్మా," అంది కస్తూరమ్మ.

మళ్లీ వేశారు. ఆ నవ్వు వాడు ఆవిడ చంకలో ఉండగా నేర్చినది.

"నీలకంఠం. మా పిల్ల మేనమామ," అంది. "తండ్రి తరవాత తండ్రి. రాసుకోండి."

మూడో తరగతి చదువు. సంతకం పెట్టడానికి చాలాసేపు పట్టింది. అనిత తొందరపెట్టలేదు. "ఈ కాగితం ఇవాళే అక్కడికి పంపిస్తాను," అని మాత్రం అంది.

ఇంటికొచ్చేసరికి నీలకంఠం వంటింట్లో పీట వేసుకుని, తనే వడ్డించుకుని తింటున్నాడు. తాళంచెవి అతని దగ్గరా ఒకటుంది.

"ఏటడిగారప్పా?"

"నీ గొంతు ఇనిపించారు."

కలుపుతున్న చెయ్యి ఆగింది. "గొంతులేటి, ఇప్పుడు ఎవుడైనా తయారు సేసీగలడు. నీకు తెలవదు, సదువా, సంధ్యా!"

"గేటు దాటనీకండి అన్నావు."

"ఆళ్లు కొడతారని నాకేటి తెలుసు? మజ్జలో పారిపోయొచ్చేత్తే నన్ను కదా అడుగుతారు! మేనమామని, ఆపాటి హక్కు నేదేటి?" అన్నాడు. తరవాత గొంతు తగ్గించి, "పేరు సెప్పీసావా?" అన్నాడు.

"సెప్పీసాను."

అతను కంచంలోనే చెయ్యి కడిగాడు. "సొంత తమ్ముణ్ని కదే అప్పా," అని లేచి, తలుపు తీసినది తీసినట్టే వదిలి వెళ్లిపోయాడు.

వాడు తిన్న కంచం ఇన్నేళ్లూ తీసినది ఆవిడే. తమ్ముడి ఎంగిలి ఎంగిలి కాదనేది వాళ్లమ్మ. చెయ్యి కడిగిన నీళ్లలో మెతుకులు తేలుతున్నాయి. కస్తూరమ్మ పొయ్యి గట్టు తుడిచింది. గిన్నెలు తోమి బోర్లించింది. గది ఊడ్చింది, పీట చుట్టూ తప్ప. పొద్దు గుంకే వేళకి కంచానికి చీమలు పట్టాయి. ఆవిడ దాన్ని దాటుకుని వెళ్లి దీపం వేసింది.