ఎవరికి హెల్పరును?

ఇప్పటిదాకా తొమ్మిది అర్జీలు ఇచ్చాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. తొమ్మిదింటి నకళ్ళూ నా దగ్గర ఉన్నాయి, ప్రతిదాని మీదా ఆఫీసు అందుకున్నట్టు ముద్ర ఉంది. రెండో అర్జీ ఇచ్చిన రోజు గుమాస్తా నా మొహం చూడకుండా ముద్ర వేస్తూ, "మళ్ళ వచ్చినాడప్పా ఈయప్ప" అని పక్క కుర్చీలో ఉన్నాయనతో అన్నాడు. ఆ మాట గుర్తుంది. ఇంకో పని మీద పోయినప్పుడు నా ఐదో అర్జీ మీద టీ గ్లాసు పెట్టి తీసిన గుండ్రటి మరక చూశాను. అదీ గుర్తుంది. "నీకు మేలు జేసినోళ్ళు గుర్తుండరు, మాటన్నోళ్ళయితే శానా బాగ గుర్తుంటారు" అంటుంది మా ఆవిడ. కావచ్చు. కానీ ఆ కోపాలన్నీ పాతవి. ఇప్పుడు నా చేత ఇది రాయిస్తున్నది భయం.

కల్లూరులో మా వీధి చివర షేర్ ఆటో ఎక్కితే అరగంటలో నీళ్ళు శుద్ధి చేసే ప్లాంటుకు చేరతాను. కాలువ నీళ్ళు అక్కడికి వచ్చి, తేరుకుని, ఇసుక పడకల్లో వడగట్టుకుని, చివరికి క్లోరిన్ కలిసి ఊళ్ళోకి పోతాయి. ఆ క్లోరిన్ కలిపేది నేను. అది మనిషి పొడవుకు మించిన ఇనుప పీపాల్లో వస్తుంది. టన్నరు అంటాం. టన్నరును పడుకోబెట్టి, దాని మొహాన ఉన్న రెండు వాల్వులు ఒకదాని కింద ఒకటి వచ్చేట్టు దొర్లించి ఆపాలి. పై వాల్వులో గ్యాసు వస్తుంది, కింది వాల్వులో ద్రవం వస్తుంది. పైదానికే గొట్టం బిగించాలి. బిగించేటప్పుడు మధ్యలో సీసపు వాషరు పెట్టాలి, అదీ ప్రతిసారీ కొత్తది. ఈ నాలుగు మాటలు రాయడానికి నాకు నిమిషం పట్టింది. నేర్చుకోవడానికి ఏళ్ళు పట్టింది.

నేర్పింది మా ఉస్తాదు. సర్కారు ఉద్యోగి, పాతబస్తీ మనిషి. మొదటి రోజు నన్ను పైనుంచి కిందికి చూసి, "ఏమప్పా, ముక్కు పన్జేస్తాందా నీకు?" అన్నాడు.

"చేస్తాది."

"రేపట్నుంచి రవ్వంత ఎక్కువ పన్జేయాల."

ఇంకోసారి నా చెయ్యి పొరపాటున కింది వాల్వు మీదికి పోయింది. గట్టిగా అరవలేదు. నా మణికట్టు పట్టుకుని పక్కకు జరిపి, "కిందిది ఇప్పినావనుకో, నీ సంగతి మీ ఇంట్లో నేను చెప్పాల్సొస్తాది. ఆ పని నాకు పెట్టొద్దు బేటా" అన్నాడు. క్లోరిన్ గది బయట వెదురు కర్రకు పాత లుంగీ పేలిక ఒకటి కట్టి ఉండేది. గదిలోకి పోయే ముందు అది ఎటు ఎగురుతోందో చూడకపోతే ఊరుకునేవాడు కాదు. గ్యాసు గాలికన్నా బరువు, నేల పట్టుకుని పాకుతుంది. పారిపోవాలంటే గాలికి ఎదురుగానో అడ్డంగానో, మిట్ట మీదికి పోవాలి. ఇది నాకు చాలాసార్లు చెప్పి, చాలాసార్లు అప్పజెప్పించుకున్నాడు.

ఆయన జీతం కాగితంలో నైపుణ్యం గల ఆపరేటరు అని ఉండేది. నన్ను ఏజెన్సీ ద్వారా హెల్పరుగా తీసుకున్నారు. ఆపరేటరుకు హెల్పరు అంటే అర్థం ఉంది. ఆయన రిటైరయ్యాక ఆ కుర్చీలోకి ఎవరినీ వెయ్యలేదు. ఆ రోజు నుంచి టన్నరు దించేదీ, బిగించేదీ, తిప్పేదీ నేనే. కాగితం మీద మాత్రం ఇంకా హెల్పరునే. ఎవరికి హెల్పరును? నా మొదటి అర్జీలో రాసింది ఈ ఒక్క ప్రశ్నే.

లాగ్ బుక్కులో రెండు గళ్ళుంటాయి, ఆపరేటరు సంతకానికి ఒకటి, హెల్పరు సంతకానికి ఒకటి. నేను హెల్పరు గడిలో సంతకం పెట్టేవాణ్ణి. మొదటి గడి ఖాళీగా ఉండేది. ఒక రోజు, టన్నరు మార్చి చేతులు కడుక్కుని వచ్చి, మొదటి గడిలో నా సంతకం పెట్టాను. సూపర్వైజరు సాయంత్రం దాన్ని ఎర్ర సిరాతో కొట్టేశాడు. పంపు హౌసు వాళ్ళంతా టీకి చేరిన చోటికి నన్ను పిలిపించాడు.

"ఈ గడిలో రాసేదానికి నువ్వెవరప్పా?"

"వాల్వు తిప్పినోణ్ణి సార్."

"తిప్పినావులే. కొళాయి తిప్పేదానికి గూడా ఒక పోస్టు గావాల్నా నీకు?"

అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో, ఎవరు గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని నవ్వు దాచుకున్నారో ఇప్పటికీ చెప్పగలను.

కనీస వేతనం పెంచారన్న కబురు వచ్చిన రోజు ప్లాంటులో పండగలా ఉంది. ఎవరో ఉగ్గానీ, మిరపకాయ బజ్జీలూ తెప్పించారు. నోటీసు బోర్డు మీద మూడు జాబితాలు అంటించారు. నైపుణ్యం గలవారు, కొంత నైపుణ్యం గలవారు, నైపుణ్యం లేనివారు. మొదటిది చదివాను. రెండోది చదివాను. నా నంబరు మూడోదాంట్లో ఉంది, తోటమాలి నంబరు కింద. తోటమాలి బజ్జీ నములుతూ నా భుజం మీద చెయ్యి వేసి, "ఇంగ నువ్వూ నేనూ ఒకటే అప్పా. నీ టన్నరూ నా గడ్డి మిషనూ అన్నదమ్ములు" అన్నాడు. అతనికి పెరిగినందుకు నాకు బాధ లేదు. ఓర్వకల్లు వైపు నుంచి వచ్చే ఎండగాలిలో రోజంతా నిలబడే మనిషి. కానీ నా బజ్జీ అతని చేతిలోనే పెట్టేసి లేచాను.

గుమాస్తా దగ్గరికి పోయాను. "హెల్పరంటే ఆ జాబితానే. మార్చాలంటే పోస్టు ఉండాల. పోస్టుకు మంజూరు రావాల" అన్నాడు.

"ఎవరిస్తారు సార్ మంజూరు?"

"పైన."

"పైనంటే యాడ?"

పెన్నుతో ఫ్యాను వైపు చూపించాడు. ఆ ఆఫీసుకు పై అంతస్తు లేదు.

ఇక్కడి వరకు నాది జీతం గొడవే. భయం తర్వాత వచ్చింది.

సీసపు వాషర్లు అయిపోయాయి. స్టోర్సులో అడిగితే రాలేదన్నారు. ఏడో అర్జీ పూర్తిగా వాషర్ల గురించే. అందులో జీతం మాట ఎత్తలేదు, కావాలనే ఎత్తలేదు, అప్పుడైనా చదువుతారేమోనని. చదవలేదు. టన్నరు ఖాళీ అయింది. ఊరికి నీళ్ళు ఆపడానికి వీల్లేదని సూపర్వైజరు ఫోన్లో చెప్పాడు. పాత వాషరునే తుడిచి, రెండు వైపులా చూసి, బిగించాను. నా చేత్తోనే బిగించాను. దాన్ని దాచను.

మర్నాడు పదకొండు గంటలప్పుడు గది బయట నిలబడి ఉండగా ముక్కులో సన్నగా గుచ్చుకుంది. బ్లీచింగు పొడి వాసనలా ఉంటుంది, కానీ అది ముక్కుతో ఆగదు, గొంతులోకి దిగి అక్కడ గీరుతుంది. ముందు పేలిక వైపు చూశాను. అది ప్రహరీ గోడ వైపు ఎగురుతోంది. గోడ అవతల ఎర్రగడ్డల షెడ్డు ఉంది, ఉల్లిపాయల్ని మావైపు అలాగే అంటాం. అక్కడ పదిహేనిరవై మంది ఆడవాళ్ళు నేల మీద కూర్చుని ఎర్రగడ్డలకు తోకలు కోసి, మంచివీ చెడ్డవీ వేరు చేస్తుంటారు.

వాచ్‌మన్‌ను గోడ దగ్గరికి తరిమాను. అతను ముందు బకెట్టు పట్టుకొచ్చాడు. "నీళ్ళు పోయొద్దప్పా, ఇంకా ఎక్కువైతాది. పో, వాళ్ళను లేపు పో" అన్నాను. మాస్కు తగిలించుకున్నాను. దానికున్న వడపోత డబ్బా ఇంకా పని చేస్తుందో లేదో నాకు తెలియదు. కొత్తది అడుగుతూ నాలుగో అర్జీ రాశాను. కర్ర చివర గుడ్డను అమ్మోనియాలో ముంచి లోపలికి పోయాను. క్లోరిన్ కారుతున్న చోట అమ్మోనియా గుడ్డ పెడితే తెల్లటి పొగ లేస్తుంది. గొట్టం పొడుగునా గుడ్డ జరుపుతూ పోయాను. వాల్వు దగ్గర, సరిగ్గా వాషరు ఉన్న చోట, తెల్లగా లేచింది. వాల్వు తిప్పే ఇనుప చెవి పెట్టి మూసేశాను. ఎన్ని మలుపులు తిప్పానో గుర్తు లేదు. అన్నీ గుర్తుండే నాకు అది గుర్తు లేదు.

బయటికొచ్చేసరికి వాచ్‌మన్ తిరిగి వచ్చి ఉన్నాడు. "లెయ్యరంట. రోజూ ఇంతేనంటాండారు" అన్నాడు. నేనే గోడ దగ్గరికి ఉరికాను. ఆడవాళ్ళు ఎక్కడివాళ్ళు అక్కడే కూర్చుని ఉన్నారు. అందరి కళ్ళ నిండా నీళ్ళు. చెంగులతో తుడుచుకుంటూ కోస్తున్నారు.

"అమ్మా, కండ్లు మండుతాండాయా?"

ఒక పెద్దామె తలెత్తకుండానే, "ఎర్రగడ్డలు కోస్తే మండక సల్లగుంటాయా నాయనా" అంది. పక్కనామె నవ్వింది, నవ్వు మధ్యలోనే దగ్గొచ్చింది.

నా జీవితంలో అంత భయం వేసిన క్షణం ఇంకోటి లేదు. గదిలో లేనంత భయం అక్కడ వేసింది. రోజూ ఏడ్చే కళ్ళకు ఇది వేరే ఏడుపని ఎలా తెలుస్తుంది? "ఇది ఎర్రగడ్డ గాదమ్మా, మా గ్యాసు. లెయ్యండి. అట్ల గాదు, ఈ పక్క, గుట్ట మీదికి పోండి" అని గోడ మీద నుంచి చెయ్యి ఊపాను. లేచారు. కత్తులు చేతుల్లోనే పట్టుకుని గుట్టెక్కారు. కారింది కొంచెమే కాబట్టి ఎవరికీ పెద్దగా ఏమీ కాలేదు. సాయంత్రం ఆ పెద్దామె గోడ దగ్గరికొచ్చి, "ఈడ ఇట్లాంటిది ఒకటి ఉండాదని మాకొక మాట చెప్పాల గదప్పా" అంది. తొమ్మిదిలో అప్పటికే ఏడు అర్జీలు రాసినవాణ్ణి. గోడ అవతలికి మాత్రం ఒక్క మాట చెప్పలేదు.

ఉస్తాదుకు ఫోను చేశాను. జరిగింది విని, "ఇప్పుడు గాలి యాడికుండాది?" అని అడిగాడు. తర్వాత వాషరు గురించి అడిగాడు. నేనెట్లున్నానని అడగలేదు. అదీ గుర్తుంది. కానీ మర్నాడు తన పాత డబ్బాలో దాచుకున్న కొత్త సీసపు వాషర్లు రెండు కాగితంలో చుట్టి ఆటో అతనితో పంపాడు. ఆ రోజే ఒకటి బిగించి గ్యాసు మళ్ళీ వదిలాను.

వారం తిరక్కుండా ఆఫీసు నుంచి నాకు మొట్టమొదటి ఉత్తరం వచ్చింది. ఇన్నాళ్ళకు జవాబిచ్చారని గేటు దగ్గరే చించాను. చదివితే మెమో. హెల్పరుగా ఉన్న మీరు అనుమతి లేకుండా క్లోరిన్ గదిలో ఎందుకు ప్రవేశించారో సంజాయిషీ ఇవ్వవలెను. దానితో పాటు ఒక ఫారం. పెరిగిన వేతనం ఇవ్వడానికి సంతకం పెట్టాలట. అందులో ఒక వాక్యం ఉంది: నేను నైపుణ్యం అవసరం లేని పని మాత్రమే చేయుచున్నాను.

సంతకం పెట్టి పెరిగింది తీసుకుందామని ఒక పూట అనుకున్నాను. దుడ్లు నాకూ కావాలి. మా ఆవిడ ఫారం తీసుకుని కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివింది.

"దీని మీద సంతకం పెడితే, రేపు నీకేమన్నా అయితే నేను ఎవరి దగ్గరికి పోవాల? ఆయప్ప ఆ పనే చెయ్యడు, ఆ గదిలోకి ఎందుకు పోయినాడో మాకు తెలీదంటారు. నువ్వే రాసిచ్చినావని ఇదే కాగితం చూపిస్తారు."

"పెట్టకపోతే పెరిగింది రాదు."

"పెడితే నువ్వు యాడికి పోయినావో గూడా ఎవరికీ తెలీదు" అని ఫారం మడిచి బియ్యం డబ్బా కింద పెట్టింది.

అప్పటి నుంచి నాకు నిద్రలో కూడా ముక్కు మేలుకునే ఉంటుంది. పక్కింటివాళ్ళు బండలకు బ్లీచింగు చల్లితే చెప్పులు లేకుండా వీధిలోకి ఉరికాను. పొద్దున లేవగానే ఆరేసిన చీరలు ఎటు ఎగురుతున్నాయో చూస్తున్నాను. ఎర్రగడ్డల షెడ్డులో ఎవరు దగ్గినా గోడ దగ్గరికి పోతున్నాను. వాళ్ళు నన్ను చూసి, "ఈరోజు ఎర్రగడ్డలేనప్పా, పో" అని నవ్వుతారు. నాకు నవ్వు రాదు.

మెమోకు సంజాయిషీ ఎనిమిదో అర్జీగా ఇచ్చాను. తొమ్మిదోదాంట్లో కింద రాస్తున్న ప్రశ్న ఒక్కటే అడిగాను. ముద్ర వేశారు, అంతే. అందుకే అందరూ చదివేట్టు ఇక్కడ రాస్తున్నాను.

ఇప్పుడు నడుస్తున్న టన్నరు గురువారం పొద్దునకు ఖాళీ అవుతుంది. టన్నరు బరువు చూపించే కాటా ముల్లు చూసి చెబుతున్నాను, ఒక పూట అటూ ఇటూ కాదు. ఉస్తాదు పంపిన వాషర్లలో ఒక్కటే మిగిలింది. ఫారం ఇంకా బియ్యం డబ్బా కిందే ఉంది, సంతకం లేకుండా. నేను హెల్పరునైతే ఆ గదిలో అడుగు పెట్టడం నేరమని మెమోలో మీరే రాశారు. అడుగు పెట్టకపోతే ఊరికి పోయే నీళ్ళలో మందు ఉండదు. కాబట్టి ఆ మెమో మీద సంతకం పెట్టిన పెద్ద సారుకు నా ప్రశ్న. గురువారం ఆ వాల్వు తిప్పవలసింది ఎవరు? నేనైతే నేనని రాయండి, ఏ గడిలో సంతకం పెట్టాలో కూడా రాయండి. ఇంకొకరైతే వాళ్ళ పేరు రాయండి, వాషరు వాళ్ళ చేతిలో పెడతాను. బుధవారం సాయంత్రం ఆఫీసు మూసేదాకా మెట్ల మీద కూర్చుంటాను. నాకు జవాబు ఇవ్వండి.