చెద్దరు రెండో కొస

ఆ ఏడాది మా ఇంటికి దేవుడి క్యాలెండర్ రాలేదు. జనగామలో మా బట్టల దుకాణానికి సరుకు పంపే హైదరాబాద్ వ్యాపారి పాతకాలపు జపాన్ బొమ్మలతో క్యాలెండర్ అచ్చు వేయించి పంపాడు. చెక్క అచ్చులతో మనం చీరల మీద పువ్వులు అద్దినట్టే, అక్కడ కాగితం మీద మనుషులను అద్దేవారట. ఇంటికి ఎవరొచ్చినా మా ఆయన ఈ మాట చెప్పేవాడు.

ఏ పేజీ తిప్పినా ఆడవాళ్ళే, పనే. ఒకామె వెదురు గొట్టంతో పొయ్యి ఊదుతోంది. మానుకోటలో మా తల్లిగారింట్లో అవ్వ ఊదింది ఇనుప గొట్టం, అంతే తేడా. ఒకామె చంటిదాన్ని వీపున కట్టుకుని గిన్నెలు తోముతోంది. ఇంకో పేజీలో ఇద్దరు ఏటి ఒడ్డున పొడవాటి గుడ్డను చెరో కొసా పట్టుకుని పిండుతున్నారు. అందరికీ ఒకటే మొహం, సన్నటి కళ్ళు, చిన్న నోరు. పొయ్యి ఊదేదానికి కళ్ళలో నీళ్ళు కూడా లేవు. గీసినవాడు ఏనాడూ పొయ్యి ముందు కూర్చుని ఉండడు.

అప్పటికే నా కుడి మణికట్టు వాచింది. కొన్నాళ్ళు బట్టలు పిండవద్దని దవాఖానలో డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఇంట్లో అత్త, మామ, మరిది, పిల్లలు, మేమిద్దరం. చెద్దర్లతో సహా అన్నీ నేనే ఉతకాలి. మెషీన్ కొనమంటే బట్టలు చింపుతుందనేవాడు మా ఆయన. పనిమనిషిని పెడదామంటే, "మనింటి బట్టలు బయటోళ్ళ చేతికిస్తమా?" అనేది అత్త.

ఒక ఆదివారం నల్లా దగ్గర చెద్దరు పిండలేక మూలిగాను. హాల్లో స్నేహితుడితో చాయ్ తాగుతున్న మా ఆయన లోపలికి పిలిచాడు. తడి చేతులతోనే వెళ్ళాను. క్యాలెండర్ వైపు వేలు చూపించాడు.

"గామె మొహం జూడు. ఎంత నిమ్మలంగ పిండుతున్నది! నీ మొహం జూస్తే నేను కొట్టిన్ననుకుంటరు."

స్నేహితుడు నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పని చేయించుకోవడం చాలక, చేసేటప్పుడు మొహం ఎలా పెట్టాలో కూడా వీళ్ళే చెప్పాలా?

"గామె ఒక్కతే లేదు, మంచిగ జూడుండ్రి," అన్నాను. "ఇంకో కొస ఇంకొకామె పట్టింది. మీరొచ్చి నా చెద్దరు కొస పట్టుండ్రి, నేను గూడ నిమ్మలంగనే పిండుత."

"నేను బట్టలు పిండుడా?" అని ఆయన ఇంకా గట్టిగా నవ్వాడు. వంటింటి గడపలో నిలబడ్డ అత్త, "వచ్చినోళ్ళ ముంగట మొగనితోని గట్లనేనా మాట్లాడుడు?" అంది. నేను వెళ్ళి చెద్దరు పిండాను. ఎలా పిండానో నాకే తెలుసు.

దసరాకు ఇల్లంతా కడిగి, పరుపుల గలేబులు ఉతుకుతుంటే చేతిలో ఏదో పుటుక్కుమంది. వరంగల్ తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించారు. నరం అతికింది గానీ బొటనవేలు మునుపటిలా వంగదు. ఇప్పటికీ అన్నం ముద్ద చేయాలంటే తంటాలే.

దవాఖాన నుంచి ఇంటికొచ్చేసరికి పెరట్లో కొత్త వాషింగ్ మెషీన్ తిరుగుతోంది. మా ఆయన నన్ను చెయ్యి పట్టి కుర్చీలో కూర్చోబెట్టాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా బాధ చూసి తెచ్చాడనే అనుకున్నాను.

"గిప్పుడన్న తెస్తిరి," అన్నాను.

"మరేం జెయ్యాలె? నీ చెయ్యి పాయె. బట్టలు ఆగుతయా?" అన్నాడు.