పెనుకొండలో దిగనివ్వని రోజు

ఆ రోజు పెనుకొండ స్టేషన్లో నా భార్యను రైలు దిగనివ్వకపోవడం నా తప్పు. ప్లాట్‌ఫారం మీద వాళ్ల అక్క ఎదురుచూస్తూ నిలబడి ఉంది. దిగడానికి నా భార్య సంచి కూడా చేతిలోకి తీసుకుంది. నేనే వద్దన్నాను.

ఆ పొద్దున్నే హిందూపురంలో ఆమెకు వెన్నులో సూది వేయించాం. మూడేళ్లుగా ఆమెకు నడుము నొప్పి, అక్కణ్ణుంచి ఎడమ మడమ దాకా గుంజే నొప్పి. ధర్మవరంలో మాది పట్టుచీరల మగ్గం. నేను నేస్తాను, పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగులు, అతకడం ఆమె పని. మగ్గం మీది పడుగు అయిపోవచ్చినప్పుడు, దాని చివరి పోగులకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే కలిపి, వేళ్లకు బూడిద అద్దుకుని మెలితిప్పాలి. అన్నీ వేల పోగులు. వంగి కూర్చునే చేయాలి. ఆమె నొప్పి అన్నప్పుడల్లా నేను నమ్మినట్టే తల ఊపేవాణ్ణి. మనసులో మాత్రం పని తప్పించుకునే సాకు అనుకునేవాణ్ణి. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

మాత్రలూ వ్యాయామాలూ చాలలేదు. కాలికి పోయే నరం వెన్ను దగ్గర నలుగుతోందని, దాని పక్కన స్టెరాయిడ్ మందు వేస్తే వాపు తగ్గవచ్చని, తగ్గకపోతే ఆపరేషన్ గురించి ఆలోచించాలని డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ మాట వింటేనే ఆమెకు వణుకు. ఆశంతా ఆ ఒక్క సూది మీదే పెట్టుకుంది.

బోర్లా పడుకోబెట్టి, ఎక్స్‌రేలో చూసుకుంటూ వేశారట. కాసేపటికి నవ్వుకుంటూ బయటికి వచ్చింది.

"నొప్పే లేదయా. ఈ కాలు నాదేనా అని అనుమానంగా ఉండాది."

డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. "ఇది మొద్దుబార్చే మందు వల్ల. సాయంత్రానికి నొప్పి మళ్లీ వస్తుంది, ఒకటి రెండు రోజులు ఎక్కువ కూడా కావచ్చు. అసలు మందు పని చేయడానికి నాలుగైదు రోజులు, ఒక్కోసారి వారం పట్టొచ్చు. ఈ రెండు రోజులూ వంగి కూర్చునే పని వద్దు," అన్నాడు. ఆమెకు ఆ మాట చేరవేయాల్సింది నేనే. చెప్పలేదు.

సూది తర్వాత రెండు రోజులు అక్క ఇంట్లో ఉండాలని వాళ్లిద్దరూ ముందే అనుకున్నారు. కానీ మగ్గం మీద అతుకు సగంలో ఉంది. సగం అతికిన పడుగు మీద ఇంకొకరు చెయ్యి పెట్టకూడదని మా ఇళ్లలో పట్టింపు. చెయ్యి మారితే మెలిక బిగువు మారుతుంది, ముందుకు లాగేటప్పుడు పోగులు తెగుతాయి. రైల్లో ఆమె హాయిగా కూర్చోవడం చూసి నాకు అదే గుర్తొచ్చింది.

పెనుకొండలో వదిన కిటికీ దగ్గరికి వచ్చింది. "ఏమప్పా, దింపవా? మంచం కూడా వేసి పెట్టినా."

"బాగయిపోయింది వదినా. చూడు, ఎట్ల నవ్వుతాందో."

"పొద్దున సూది, మధ్యాన్నానికి మగ్గమా? నీ చీర యాడికన్నా పారిపోతాదా?"

రైలు కదిలింది. నా భార్య సంచి కింద పెట్టేసింది.

ఇంటికి రాగానే అతకడానికి కూర్చుంది. సాయంత్రం లేవబోయి లేవలేకపోయింది. మంచం మీదికి చేర్చేసరికి ఆమె ముఖమంతా చెమట.

"సూది పని చేయలేదయా. ఇంక కోసేదేనా?" అని ఏడ్చింది.

నొప్పి కంటే ఆ భయమే ఆమెను ఎక్కువ నలిపేస్తోంది. ఆ భయం నేను పెట్టిందే. డాక్టరు మాటలన్నీ అప్పుడు చెప్పాను.

"తెలిసే కూచోబెట్టినావా?" అంది.

ఆసుపత్రికి ఫోన్ చేసి చేసింది చేసినట్టు చెప్పాను. కాలు చచ్చుబడిందా, మూత్రం సరిగా వస్తోందా, జ్వరం ఉందా అని అడిగారు. అలాంటివేమీ లేవన్నాను. "అయితే పడుకోనివ్వండి. మందు లోపలే ఉంది, దానికి టైం ఇవ్వండి. వీటిలో ఏది కనిపించినా వెంటనే తీసుకురండి," అన్నారు. ఆ మాట ఆమె చెవిన కూడా పడాలని స్పీకర్ పెట్టాను.

మర్నాడు పట్టింపు పక్కన పెట్టి నేనే అతకడానికి కూర్చున్నాను. ఆమె మంచం మీద ఒత్తిగిలి చూసింది.

"ఏందయా ఆ తిప్పడం? దీపానికి వత్తులు చేస్తాండావా?"

"నువ్వే నేర్పు మరి."

"బూడిద తక్కువ పెట్టు. బొటనవేలితో ముందుకు తొయ్యి. నేను నేర్చుకునేటప్పుడు మా అవ్వ చేతి మీద కొట్టేది. నీకా అదృష్టం లేదు."

గంటసేపు కూర్చునేసరికి నా నడుము పట్టేసింది. మూడేళ్లు ఆమె చెప్పింది ఆ గంటలో కొంచెం అర్థమైంది.

ఆరో రోజు పొద్దున పొయ్యి దగ్గర నిలబడి ఆమె నన్ను పిలిచింది. "మడమ దాకా వచ్చేది మోకాలి కాడ నిలిచిపోయింది. నడుము ఇంకా ఉండాదిలే." నొప్పి పూర్తిగా పోలేదు. ఎన్నాళ్లు ఇలా ఉంటుందో డాక్టరూ చెప్పలేదు. కానీ ఆపరేషన్ మాట ఆ రోజు ఆమె నోట రాలేదు.

ఆ మధ్యాహ్నమే పెనుకొండకు రైలెక్కాం. ముందు నేను దిగి, సంచి అందుకుని, ఆమెకు చెయ్యి ఇచ్చాను. వదిన దగ్గర తప్పు ఒప్పుకున్నాను.

"ఇప్పుడన్నా దింపినావు. ఎప్పుడొస్తావు తీసకపోను?"

"తను రమ్మన్నప్పుడు."

ఒక్కడినే ఇంటికి వచ్చాను. నేను అతికిన చోట పడుగు లాగితే పదకొండు పోగులు తెగాయి. వేళ్లకు కొంచెమే బూడిద అద్దుకుని, మళ్లీ కూర్చున్నాను.