వస్తానని చెప్పి వెళ్లడం

ఇంటర్‌లో ఇంగ్లీషు రెండుసార్లు తప్పినదాన్ని. అలాంటి నేను ముప్ఫై ఏళ్లు దాటాక, ఎక్కడో ఆఫ్రికాలో మాట్లాడే షోనా భాషలో వర్తమాన కాలం నేర్చుకున్నానంటే మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు. నవ్వుకోనీ. వాళ్లకి ఆ భాషలో ఒక్క ముక్క కూడా రాదు.

అప్పట్లో నేను పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగ్ బల్ల దగ్గర పెద్దదాన్ని. గుండు పప్పు ఒకవైపు, బద్ద ఒకవైపు, ముక్క ఒకవైపు ఏరించడం నా పని. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఒక ఉదయం షావుకారు ఒకావిడను వెంటబెట్టుకొచ్చాడు. మొజాంబిక్ దేశంలో, జింబాబ్వే సరిహద్దు దగ్గర ఆవిడ ఊరు. అక్కడ జీడిచెట్లున్నాయి గానీ పిక్క కొట్టి పప్పు తీసే షెడ్డు లేదు. ఈవిడ మూడు నెలలు ఇక్కడ పని నేర్చుకుని వెళ్తే ఊరి ఆడవాళ్లంతా కలిసి షెడ్డు పెట్టుకుంటారట. నేర్చుకోకుండా వెళ్తే షెడ్డూ లేదు, ఏమీ లేదు.

"నీ బల్ల కాడ కూకోబెట్టు. అన్నీ సెప్పు," అన్నాడు షావుకారు.

"ఏ బాసలో సెప్పమంతారు బాబూ?"

"అదే నాకూ తెల్దు," అని ఆయన చక్కగా తన గదిలోకి వెళ్లిపోయాడు.

ఆవిడకు వచ్చినవి షోనా, పోర్చుగీసు. నాకు వచ్చింది తెలుగు. మా ఇద్దరి మధ్య ఉన్నదల్లా ఆవిడ సంచిలోని పల్చటి పుస్తకం. ఇంగ్లీషు వచ్చినవాళ్లకి షోనా నేర్పే పుస్తకమది. ఆవిడ దాన్ని తిరగేసి ఇంగ్లీషు నేర్చుకుందామని తెచ్చుకుంది. నేను పట్టుబట్టి సూటిగా షోనాయే నేర్చుకున్నాను, మధ్యాహ్నం క్యారేజీలు కడుక్కున్నాక, రోజుకి అర పేజీ.

మనం "వండుతాను, వండుతావు, వండుతారు" అంటాం. ఎవరు వండుతారో మాట చివర తేలుతుంది. వాళ్లు అది మాట మొదట్లోనే చెప్పేస్తారు. బికా అంటే వండడం. న్దినోబికా, నేను వండుతాను. ఉనోబికా, నువ్వు వండుతావు. అనోబికా, ఆమె వండుతుంది. అదే పెద్దావిడైతే వనోబికా, వండుతారు. మర్యాద దగ్గర మనలాగే ఉన్నారే అని నాకు భలే సంబరమేసింది. మధ్యలో ఆ 'నో' ఉంటే రోజూ జరిగే పని. ఇదిగో ఇప్పుడే, పొయ్యి మీద ఉడుకుతుండగా చెప్పాలంటే న్దిరి కుబికా. వండను అనాలంటే ముందు 'హ' చేర్చి, 'నో' తీసేసి, చివర 'ఆ'ని 'ఇ' చెయ్యాలి. హన్దిబికి. ఇంగ్లీషు కూడా ఇలా ఉంటే నేను తప్పేదాన్నే కాదు.

పొద్దున్న బల్ల దగ్గరికి రాగానే ఆవిడ అరచేతులు గుల్లగా చేసి తట్టేది. బాగా పడుకున్నావా అని నేనడిగితే, నువ్వు బాగా పడుకుంటే నేనూ పడుకున్నట్టే అనేది. వాళ్ల పద్ధతి అది. ఆ మాట వినడానికే నేను బస్సు ఒకటి ముందు ఎక్కేదాన్ని.

ఆవిడకు ఫ్యాక్టరీ వెనకే గది ఇచ్చారు. పని అయ్యాక గుమ్మం దాకా దిగబెట్టి, "న్దినోఊయా" అని చెప్పి నేను బస్సుకి పోయేదాన్ని. న్దినోఊయా అంటే వస్తాను. మాది వజ్రపుకొత్తూరు వైపు, సముద్రం మీద బతికే ఇల్లు. మా ఇంట్లో గడప దాటేవాళ్లెవరూ వెళ్తాననరు. వస్తాననే అంటారు. షోనాలో కూడా అదే అన్నాను. అందులో తప్పుంటుందని నాకు తోచలేదు.

ఆరో రోజు ఆవిడ బల్ల దగ్గరికి రాలేదు. గదికి వెళ్తే సంచి సర్ది ఉంది. పొయ్యి పక్కన రెండు పళ్లేలు. ఒకటి ఖాళీ, ఒకదాంట్లో ఎండిపోయిన చోడి ముద్ద. చోళ్లు, అదే రాగులు, వాళ్లకీ ఉన్నాయి. ఆ పిండితో గట్టిగా కెలికి ముద్ద చేస్తారు. ఆవిడ ఆ పళ్లెం నా ముందుకు తోసింది.

"ఉనోతి న్దినోఊయా," అంది. వస్తానంటావు. "హఊయి." రావు.

వేళ్లు లెక్కపెట్టి, సైగలు చేసి చెప్పింది. ఐదు సాయంత్రాలు నా కోసం వండి, గుమ్మంలో కూర్చుని ఎదురుచూసిందట. తర్వాత ఆవిడ పప్పు గింజలు రెండు తీసి, బల్ల మీద నేను ఏరించినట్టే ఒకటి ఒకవైపు, ఒకటి ఇంకోవైపు పెట్టి, నా నోటి వైపు చూపించింది. రోజూ గుమ్మంలో అబద్ధమాడే మనిషి బల్ల దగ్గర చెప్పేది నిజమని ఎలా నమ్మాలి? షావుకారుతో చెప్పి రైలెక్కిపోతుందట.

సిగ్గుతో చచ్చాను. కోపమూ వచ్చింది, మొదటి రోజే అడగొచ్చు కదా అని. ఆవిడ ఒక దారి చూపించింది. న్దినోఎండా అని చెప్పమంది, వెళ్తాను అని. మాట తెలుసు. పుస్తకంలో మూడో పేజీలో ఉంది. గుమ్మంలో నిలబడి అనబోతే నోరు పెగల్లేదు. ఆవిడ పెదవి విరిచింది. నేను రెండు వేళ్లు చూపించి, రెండు రోజులు ఆగమని బతిమాలాను.

శనివారం సాయంత్రం ఆవిడను మా ఇంటికి తీసుకుపోయాను. తెల్లవారుతుండగా అయ్య వల భుజాన వేసుకుని గుమ్మంలో ఆగాడు.

"వత్తాను."

"ఊ, రా," అంది అమ్మ, తల తిప్పకుండానే.

నేను ఆవిడ చెవిలో చెప్పాను. "అనోతి న్దినోఊయా. అనోఎండా." వస్తానంటాడు. వెళ్తాడు.

"వనోతి," అని దిద్దింది ఆవిడ. నా మీద ఎంత కోపమున్నా మా అయ్యకి మర్యాద తగ్గనివ్వలేదు.

తెప్ప అలలు దాటేదాకా ఇద్దరం ఒడ్డున నిలబడ్డాం. ఇంటికొచ్చి చూస్తే అమ్మ గిన్నెలు తోముతోంది. పెద్ద అల విరిగిన చప్పుడైనప్పుడల్లా చెయ్యి ఆగేది, మళ్లీ తోమేది. ఆవిడ అమ్మ ముఖం కాకుండా ఆ చేతినే చూస్తూ కూర్చుంది. కాసేపటికి కొంగు దోపుకుని, తనూ ఒక గిన్నె అందుకుంది.

"ఏటలా సూత్తన్నాది? ఆకలేత్తందేటో అడుగు," అంది అమ్మ.

పొద్దెక్కాక తీరానికి పోయాం. నాకింకా ఏమీ కనబడకముందే ఆవిడ లేచి నిలబడి చెయ్యి చాపింది.

"వరి కూయా!" అని అరిచింది. వస్తున్నారు. రోజూ వచ్చే రావడం కాదు, ఇదిగో, ఇప్పుడు.

"ఏటంతంది?" అంది అమ్మ.

"అయ్య వత్తన్నాడంతంది."

"నాకూ కళ్లున్నాయిలే," అని కసిరింది గానీ, ఆ పూట పెద్ద చేప ముక్క ఆవిడ కంచంలోనే పడింది.

సోమవారం ఆవిడ బల్ల దగ్గరే ఉంది. ఆ మూడు నెలలూ నాకు హాయిగా గడిచాయి. సాయంత్రం నేను న్దినోఊయా అనగానే "ఉనోఎండా!" అని, వెళ్తావులే అని, నవ్వుతూ తలుపేసేది. ఆఖరి వారానికి కళ్లు మూసుకుని వేళ్లతో తడిమి గుండుని, చీలిన పప్పుని విడదీసేది. నా బల్ల మీద అలా చెయ్యగలిగినవాళ్లు అంతకుముందు ఇద్దరే.

పలాస స్టేషన్‌లో రైలు కదులుతుంటే కిటికీలోంచి చేతులు తట్టి, "వత్తానప్పా," అంది, నన్ను అక్కని చేసి, అచ్చం మా అయ్యలాగే సాగదీసి. నేను కిటికీ వెంట రెండడుగులు నడిచాను. "ఎల్లిరామ్మా," అన్నాను.

మరుసటి ఏడు ఫ్యాక్టరీ అడ్రసుకి ఒక ఫొటో వచ్చింది. రేకుల షెడ్డు, పొడవాటి బల్ల, చుట్టూ ఆడవాళ్లు, బల్ల మీద మూడు పప్పు కుప్పలు. వెనక రెండు మాటలు రాసి ఉన్నాయి. పుస్తకం ఆవిడతోనే పోయింది, అవసరమూ పడలేదు. మొదటిది తిరి కుషాండా. పని చేస్తున్నాం. చేస్తామని కాదు, చేస్తున్నామని. దాన్ని బల్ల దగ్గర అందరికీ గట్టిగా చదివి వినిపించాను.

రెండోది న్దినోఊయా. అది నేను పైకి చదవలేదు. ఆవిడ రాదని నాకు తెలుసు. ఆ సాయంత్రం ఇంటికెళ్లి చోడిపిండి ఇద్దరికి సరిపడా కెలికాను. రెండు పళ్లేల్లో పెట్టి, రెండు ముద్దలూ నేనే తిన్నాను.