చర్చి ఎలుక బీదదేనా

పాపాయమ్మకు ఇరవై ఒకటో ఏట భర్త పోయాడు. పాలకొల్లు దాపున ఉన్న మిషను బాలికల బడివారు ఆమెను చేర్చుకొని, మూడేళ్ళు చదివించి, 1893 మార్చిలో పరీక్షకు కూర్చోబెట్టారు. నెగ్గితే ఆ బడిలోనే పంతులమ్మ. తప్పితే అత్తవారింటికి తిరిగిపోయి, బావగారి గొడ్లకూ పిల్లలకూ ఊపిరున్నంత కాలం చాకిరీ. ఆ బావగారు ముసలయ్య ఫలితం కోసమైనా ఆగకుండా, పరీక్షనాడే బండి కట్టుకొని వచ్చి బడి వాకిట్లో దిగాడు.

"కానీ అమ్మాయ్, కానీ. నీ ఇంగిలీసు అయ్యేలోగా నా ఎడ్లు ముసలివైపోకుండా చూసుకో," అన్నాడు.

పాపాయమ్మను భయపెట్టినవి ఇంగ్లీషు పోలికలు. పుస్తకంలో నలభై ఉన్నాయి. 'మంచంత తెలుపు' అని ఉంది. ఆమె ఎరిగిన మంచు పుష్యమాసపు పొద్దున చేల మీద పరుచుకొనే పొగ వంటిది, దానికి తెలుపెక్కడిది? 'దోసకాయంత నిబ్బరం' అని ఉంది. దోసకాయను పులుసులో వేయడమే గాని దాని నిబ్బరం ఆమె ఎన్నడూ చూడలేదు.

"అర్థం వెతక్కు తల్లీ, ఒప్పజెప్పు," అనేవారు చదువు చెప్పే జ్ఞానమ్మగారు. "మనం చందమామలాంటి పిల్ల అంటాం. మొహాన మచ్చలున్నాయనా ఏంటి?"

ఆ మాట పట్టుకొని పాపాయమ్మ నలభయ్యీ కంఠస్థం చేసింది. చూడని వాటి గురించి ఏం చెప్పమన్నా చెప్పగలదు. చిక్కల్లా చూసిన దానితోనే వచ్చింది.

పరీక్ష చేసే దొరసాని పుస్తకం మీద వేలుంచి, "చర్చి ఎలుక వలె?" అని అడిగింది.

శనివారం శనివారం చర్చి ఊడ్చేది పాపాయమ్మే. ఆ చుట్టుపట్ల క్రైస్తవ స్త్రీలు పూటపూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే ముంతలో దాచి, ఆదివారం తెచ్చి ప్రసంగపీఠం పక్కనున్న బానలో పోస్తారు. ఆ బాన చాటున కాపురమున్న ఎలుక, చీపురు చప్పుడైనా పరుగెత్తలేక పొట్ట ఈడ్చుకుంటూ నడిచేది. కంఠస్థం చేసిన మాట నాలుక చివరే ఉంది. కళ్ళెదుట మాత్రం ఆ పొట్ట కదిలింది.

"బలిసినదండి," అంది.

దొరసాని కలం ఆగింది. "ఎందుచేత?"

పాపాయమ్మ బాన సంగతి చెప్పింది. దొరసాని పెదవుల మీద నవ్వు తోచి మాయమైంది.

"నీవు అబద్ధమాడలేదు. కాని మా దేశమున చర్చిలో తినుటకు ఏమియు నుండదు. అందుచేత అచటి ఎలుక మిక్కిలి బీద. నేను పుస్తకమును బట్టియే మార్కు వేయవలెను. మరల చెప్పుము."

కిటికీ అవతల ఎడ్ల మెడల్లో గంటలు కదిలాయి. ముసలయ్య కాడి ఎత్తుతున్నట్టున్నాడు.

"బీదదండి," అంది పాపాయమ్మ.

ముసలయ్య ఉత్త బండి తోలుకొని పోయాడు.

తరువాత పదహారేళ్ళు ఆమె అదే గదిలో, అదే పుస్తకం నుంచి, చర్చి ఎలుక బీదదని ఆడపిల్లలకు నేర్పింది. ఆదివారం తన పిడికెడు బియ్యం బానలో పోసేటప్పుడు మాత్రం దాని చాటుకు చూసేది కాదు.

ఆమె పంతులమ్మ అయిన పదిహేడో ఏట చిన్నమ్మాయి అనే పిల్ల లేచి నిలబడింది. "మన చర్చి ఎలుక పందికొక్కంత ఉందండి. బీదదని ఎలా చెప్పమంటారండి?"

పాపాయమ్మ సుద్దముక్క బల్ల మీద పెట్టింది.

"పరీక్ష తప్పితే నిన్ను తీసుకుపోవడానికి ఎవరైనా వస్తారా?"

"ఎవరూ రారండి. పై ఏడు మళ్ళీ కూర్చోమంటాడండి మా నాన్న."

"అయితే చూసిందే చెప్పు," అంది పాపాయమ్మ. ఆ తరువాత సుద్దముక్క తీసుకొని, తక్కినవారి కోసం బోర్డు మీద 'బీద' అని రాసింది.